మ్యూజియంలో మాటసాయం

మ్యూజియంలో స్వచ్ఛంద గైడ్ చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. వారంలో ఒకటి రెండు పూటలు వచ్చి, జీతం తీసుకోకుండా, వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని నాలుగు గదులు తిప్పి, అక్కడున్న వస్తువుల సంగతి చెప్పడం. కానీ ఆ పని జరిగే చోటికీ జరగని చోటికీ తేడా లోపల అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. చెప్పేవాళ్లు లేని గదిలో జనం అద్దాల పెట్టెల ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లిపోతారు. చెప్పేవాళ్లున్న గదిలో ఆగుతారు, తేరిపార చూస్తారు, ప్రశ్నలడుగుతారు, ఇంటికెళ్లాక ఇంకొకరికి చెబుతారు. చెప్పినవాళ్లకు దక్కేదీ తక్కువ కాదు. ముప్పై, నలభై ఏళ్లు ఒక పనిలో మునిగి తేలిన మనిషికి రిటైరైన మర్నాటి నుంచి ఎదురయ్యే ప్రశ్న, ‘ఇక నా అవసరం ఎవరికుంది?’ అన్నది. ఆ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే పనుల్లో ఇదొకటి.

విశాఖపట్నం, అనకాపల్లి మధ్యనున్న దువ్వాడలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గంలో, విశాఖ స్టేషన్‌లోకి వెళ్లకుండా పక్కనుంచి సాగిపోయే బళ్లు ఆగే స్టేషన్ ఇది. ఒక పక్క ఉక్కు కర్మాగారం, ఇంకో పక్క ప్రత్యేక ఆర్థిక మండలి. దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక వీధుల్లో ఏ నలుగురు పెద్దలు కూర్చున్నా వాళ్లలో ఒకరు ఉక్కులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో, నేవల్ డాక్‌యార్డులోనో పనిచేసి ఉంటారు. ఇంత పనితనం ఒకేచోట పోగుపడిన ప్రాంతాలు రాష్ట్రంలో అరుదు. ఆ అనుభవం ఇళ్లలోనే ఉండిపోకుండా నలుగురికీ అందే దారి మ్యూజియం.

వందేళ్లు దాటిన పద్ధతి

మ్యూజియంలోని వస్తువులను పక్కన నిలబడి నోటితో పరిచయం చేయాలన్న ఆలోచన 20వ శతాబ్దం మొదట్లో రూపుదిద్దుకుంది. అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియం ఆ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే ఇలా చెప్పేవాళ్లను ఏర్పాటు చేసింది. దానికోసం గట్టిగా వాదించినవాడు ఆ మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్. సందర్శకులు పెట్టెల్లోకి తొంగి చూస్తూ, వంగి చీటీలు చదువుతూ ఎంత అలసిపోతారో ఆయన ఒక మనిషి చేత అవన్నీ చేయించి, ఫోటోలు తీయించి, 1916లో ఒక వ్యాసంలో ప్రచురించాడు. అద్దాల పెట్టెలు ఎంత ఎత్తులో ఉండాలి, చీటీ ఎక్కడ అతికించాలి అన్న చర్చ ఆ వ్యాసంతో ఊపందుకుంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం 1911లో తన మొదటి అధికారిక గైడ్‌ను నియమించింది. ఇప్పుడు అదే మ్యూజియంలో వలంటీర్లు ఉచితంగా గ్యాలరీలు చూపిస్తున్నారు. కృష్ణాతీరం నుంచి తరలిపోయిన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నది కూడా ఆ భవనంలోనే.

సింగపూర్‌లో 1978లో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ ద మ్యూజియమ్స్’ సంఘం పూర్తిగా స్వచ్ఛంద గైడ్ల మీదే నడుస్తోంది. సభ్యులకు నెలల తరబడి శిక్షణ ఇచ్చిన తర్వాతే సందర్శకుల ముందు నిలబెడతారు. మన దేశంలో ఢిల్లీ నేషనల్ మ్యూజియం కూడా వలంటీర్లకు తర్ఫీదునిచ్చి వాళ్లచేత గ్యాలరీలు చూపించింది. ప్రపంచ మ్యూజియంల సంఘం 2022లో ప్రాగ్ నగరంలో మ్యూజియంకు ఇచ్చిన కొత్త నిర్వచనంలో, స్థానిక ప్రజల భాగస్వామ్యం కూడా చేరింది. ఊరి మ్యూజియంలో ఊరి మనిషి మాట వినబడాలన్న కోరికకు ఆ నిర్వచనం బలమిచ్చింది.

జలాంతర్గామి చెప్పే పాఠం

తెలిసినవాళ్లు చెబితే ఏమవుతుందో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లాలి. అక్కడి ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియంలో సందర్శకులను లోపలికి తీసుకెళ్లి చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్లు అక్కడ ఉద్యోగులే తప్ప వలంటీర్లు కారు. అయినా, బతికిన అనుభవం వస్తువు పక్కన నిలబడి మాట్లాడితే వచ్చే ఫలితం ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా కనిపించే చోటు తెలుగునాట మరొకటి లేదు.

సోవియట్ యూనియన్‌లో తయారైన కురుసుర 1969 డిసెంబర్ 18న భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో గస్తీలో పాల్గొంది. మొత్తం 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 31 ఏళ్ల సేవ తర్వాత 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. దాన్ని ఒడ్డుకు లాగి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టి మ్యూజియంగా మార్చారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2002 ఆగస్టు 9న ప్రారంభించారు, అదే నెల 24 నుంచి ప్రజలను అనుమతించారు. దక్షిణాసియాలో తొలి సబ్‌మెరైన్ మ్యూజియంగా దీనికి పేరుంది.

ఈ వివరాలన్నీ బోర్డు మీద రాయొచ్చు. కానీ లోపలికి వెళ్లిన మనిషికి కనిపించేది ఇరుకైన ఇనుప దారి, రెండు పక్కలా గొట్టాలు, చక్రాలు, మీటలు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. గైడ్ నోరు విప్పితేనే వాటికి అర్థం వస్తుంది. 91 మీటర్ల పొడవున్న ఈ గొట్టంలో 75 మంది కలిసి బతికారని, ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు టార్పెడో గొట్టాలున్నాయని, టార్పెడోల పక్కనే మనుషులు నిద్రపోయేవారని చెప్పగానే పిల్లల చూపు మారిపోతుంది. “ఈ మంచం మీద ఎంతమంది పడుకునేవాళ్లో చెప్పండి చూద్దాం” అని అడిగితే, ఒకడు డ్యూటీకి లేవగానే డ్యూటీ దిగినవాడు అదే మంచం ఎక్కేవాడన్న జవాబు వినడానికి అందరూ దగ్గరకు జరుగుతారు. డీజిల్ ఇంజన్ నడవాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి ఉండదు కాబట్టి అక్కడ బ్యాటరీతో నడవాలి, బ్యాటరీ నింపుకోవడానికి మళ్లీ పైకి రావాలి, పైకి వస్తే శత్రువు కంటపడే ప్రమాదం. ఈ నాలుగు మాటలతో ఒక యంత్రం పనితీరు, ఆ యంత్రంలోని మనుషుల గుండెదడ రెండూ అర్థమవుతాయి. మంచినీళ్లు పొదుపుగా వాడుకోవాల్సిన రోజులు, పగలూ రాత్రీ తేడా తెలియని వారాలు, ఇంటినుంచి ఉత్తరం అందని నెలలు ఎలా ఉంటాయో నౌకాదళంలో పనిచేసిన మనిషి చెబితే ఆ మాటకు వచ్చే బరువు ఏ బోర్డుకూ రాదు.

చెప్పేవాళ్లు లేనప్పుడు

ఇందుకు పూర్తి భిన్నమైన అనుభవం బొజ్జన్నకొండది. దువ్వాడలో చెన్నై వైపు రైలెక్కితే వచ్చే పెద్ద ఊరు అనకాపల్లి. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం దగ్గర రెండు కొండలున్నాయి, బొజ్జన్నకొండ, లింగాలకొండ. రాతిని తొలిచిన గుహలు, ఒకే రాతిలో మలిచిన స్తూపాలు, బుద్ధుడి శిల్పాలు అక్కడున్నాయి. 1906–07 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపి ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చాడు. తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. సుమారు క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం వర్ధిల్లిందని, హీనయాన, మహాయాన, వజ్రయాన దశలు మూడింటినీ ఈ కొండ చూసిందని పండితులు చెబుతారు.

ఆ చరిత్ర చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చాలాకాలం చేరలేదు. కనుమ రోజున జనం కొండకు వచ్చి, పొట్ట ఆకారంలో ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి రాళ్లు రువ్వేవారు. అందులో దుర్బుద్ధి ఏమీ లేదు. పెద్దలు చేసిందే పిల్లలూ చేశారు. అది ఏమిటో ఎవరూ చెప్పలేదు, అంతే. వారసత్వ సంపద పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ కృషితో ఆ అలవాటు ఆగింది. కంచె, కాపలా ఒక మేరకు రాళ్లను ఆపగలవు. కానీ ఒక ఊరు తన కొండను తనదిగా చూసుకోవాలంటే, దాని సంగతి ఎవరో ఒకరు ఊరివాళ్ల భాషలో, ఊరివాళ్లకు నచ్చేలా చెప్పి తీరాలి. స్వచ్ఛంద గైడ్ పనికి ఉన్న సామాజిక విలువ ఇక్కడ తేటతెల్లమవుతుంది.

ఒక వస్తువు, అనేక దారులు

మంచి గైడ్ ఒక వస్తువును పట్టుకుని ఊరినంతా చూపించగలడు. విశాఖ మ్యూజియంనే తీసుకుందాం. పాత డచ్చి బంగళాలో 1991 అక్టోబర్ 8న ప్రారంభమైన ఈ మ్యూజియంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ విమానాలు వేసిన, పేలని బాంబు ఒకటి ఉంది. పెట్టెలో చూస్తే అది తుప్పు పట్టిన ఇనుప ముద్ద. గైడ్ దాన్ని 1942 ఏప్రిల్ 6కు తీసుకెళ్తాడు. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి పల్లెలకు పోయారు. యుద్ధం వల్ల ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అసలు విశాఖ మీదే బాంబులెందుకు వేశారన్న ప్రశ్న వస్తే, 1933లో మొదలైన హార్బరు దగ్గరికి కథ వెళ్తుంది. అక్కడినుంచి షిప్‌యార్డుకు, 1948లో నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన ‘జల ఉష’ ఓడకు వెళ్తుంది. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి ఈ గొలుసును చెబుతూపోతే, వినేవాడికి తన ఊరు ఎందుకిలా ఉందో మొదటిసారి అర్థమవుతుంది.

ఉక్కు కార్మికుడికి ఇంకో దారి ఉంది. 1966లో 32 మంది ప్రాణాలు బలిగొన్న ఉద్యమం ఫలితంగా వచ్చిన కర్మాగారం ఇది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అందులో కొలిమి వేడిని ముఖం మీద అనుభవించిన మనిషిని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ముందు నిలబెడితే, ఆయన చూసే తీరే వేరుగా ఉంటుంది. తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో పూర్వం మట్టి మూసల్లో ఇనుమును, కర్ర ముక్కలను పెట్టి, నోరు మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. ఇనుములోకి ఒకటిన్నర శాతం దాకా కార్బన్ చేరి గట్టి ఉక్కు తయారయ్యేది. ఆ ముద్దలు అరబ్బు, పర్షియా దేశాలకు వెళ్లి నీటి అలల్లాంటి చారలున్న కత్తులయ్యాయి. కార్బన్ పాలు కాస్త పెరిగితే ఉక్కు ఎందుకు పెళుసవుతుందో, చల్లార్చే వేగం మారితే ఏమవుతుందో స్టీల్ మెల్టింగ్ షాపులో చేసినవాడికి చేతి అనుభవం. నాటి కమ్మరికీ నేటి ఉక్కు కార్మికుడికీ ఉన్న బంధుత్వం ఆయన నోట వినాల్సిందే.

చెప్పేవాళ్లకు దక్కే వెలుగు

ఈ పని మనిషికి ఎందుకంత తృప్తినిస్తుందన్న దానికి మనస్తత్వ శాస్త్రం ఒక వివరణ ఇస్తుంది. ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన పుస్తకంలో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. నడివయసు దశలో మనిషికి ముఖ్యమైన అవసరం, తర్వాతి తరానికి ఏదో ఒకటి అందించడం. పిల్లల్ని పెంచడం, పని నేర్పడం, విద్య చెప్పడం, ఊరికి మేలు చేయడం అన్నీ అందులోకి వస్తాయి. ఆ అవకాశం లేనప్పుడు జీవితం నిలవనీరవుతుంది అన్నది ఆయన భావం. మన ఉమ్మడి కుటుంబాల్లో తాతయ్య, అమ్మమ్మ కథలు చెబితే ఆ అవసరం ఇంట్లోనే తీరేది. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. చెప్పాలన్న కోరిక మిగిలింది, వినేవాళ్లే దూరమయ్యారు. మ్యూజియంకు వచ్చే బడిపిల్లల బస్సు ఆ లోటును కొంత పూడుస్తుంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో పెద్ద వయసువాళ్లను ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు సాయంగా పంపిన ఒక కార్యక్రమాన్ని పరిశోధకులు గమనించారు. తొలి పరిశీలనల్లోనే ఆ పెద్దల్లో శారీరక చురుకుదనం పెరగడం, అవసరానికి సాయం అడగగలిగే మనుషులు పెరగడం కనిపించాయి. మ్యూజియం గైడ్ పనిలోనూ ఇవే ఉన్నాయి. నిలబడాలి, నడవాలి, పేర్లూ సంవత్సరాలూ గుర్తుపెట్టుకోవాలి, కొత్త ముఖాలతో మాట్లాడాలి. పైగా, ఇక్కడ నేర్చుకోవడం ఆగదు. నిన్న ఒక పిల్లాడు అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాత్రి పుస్తకం తెరిచిన పెద్దాయనకు రేపటి ఉదయం మీద ఆసక్తి తనంతట తానే పుడుతుంది. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లకు, ఒంటరిగా ఉంటున్నవాళ్లకు, వారంలో ఒక రోజు తప్పనిసరిగా వెళ్లవలసిన చోటు ఒకటి ఉండటమే పెద్ద ఊరట.

ఈ పని పెద్దవాళ్లకే పరిమితం కాదు. చరిత్ర, పర్యాటకం చదివే విద్యార్థులకు నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది. ఇంటిపని చూసుకునే గృహిణులకు తమ చదువు మళ్లీ వాడుకలోకి వస్తుంది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసిత కుటుంబాల వాళ్లకు, ఇప్పుడు లేని తమ ఊళ్ల గురించి, గుడుల గురించి, చెరువుల గురించి చెప్పే హక్కు, చెప్పగలిగే జ్ఞాపకం రెండూ ఉన్నాయి.

చెప్పడం ఎలా నేర్చుకోవాలి

విషయం తెలియడం వేరు, చెప్పడం వేరు. అమెరికా జాతీయ ఉద్యానవనాల గైడ్ల కోసం ఫ్రీమన్ టిల్డన్ 1957లో రాసిన పుస్తకం నేటికీ ఈ రంగంలో పాఠ్యగ్రంథం. వినేవాడి బతుకుతో ముడిపడని మాట నిలవదని, గైడ్ అసలు లక్ష్యం సమాచారం గుమ్మరించడం కాకుండా ఆలోచన రేకెత్తించడమని, పిల్లలకు చెప్పేది పెద్దలకు చెప్పినదాన్నే పలుచన చేసి చెప్పడం కాదని, దానికి వేరే పద్ధతి కావాలని ఆయన చెప్పిన సూత్రాలు. వీటి నుంచి కొన్ని ఆచరణ సూచనలు వస్తాయి.

గంటలో అన్నీ చూపించాలని చూడకూడదు. ఏడెనిమిది వస్తువులు ఎంచుకుని, వాటిని ఒక కథగా అల్లుకోవాలి. ముందు చూడనివ్వాలి, తర్వాత అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి. వస్తువుకు అడ్డంగా నిలబడకూడదు. వినేవాళ్లకు ముఖం చూపిస్తూ మాట్లాడాలి. వినికిడి తగ్గినవాళ్లు పెదవుల కదలికను బట్టి గ్రహిస్తారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. చూపు లేనివాళ్లు వస్తే కొలతలు, ఆకారం, లోహమో రాయో మాటల్లో కట్టి చూపాలి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, కనుక్కుని చెప్పడం గౌరవం. ఊహను చరిత్రగా చెప్పడం, పుకారును రుచిగా వడ్డించడం ఈ పనికి పెద్ద శత్రువులు. భాష కూడా ఆలోచించుకోవాలి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చిన పిల్లలకు గ్రాంథిక పదాలు వల్లిస్తే బెదురుతారు, ఇంట్లో మాట్లాడే యాసలో పలకరిస్తే గలగలా మాట్లాడతారు. శిల్పం ఏ మతానిదైనా, రాజు ఏ కులంవాడైనా, గైడ్ మాటలో సమభావం ఉండాలి.

మ్యూజియం వహించాల్సిన బాధ్యత

స్వచ్ఛంద సేవ ఉచితమే కానీ, దాన్ని నిలబెట్టడానికి ఖర్చవుతుంది. మ్యూజియం వలంటీర్లకు శిక్షణ ఇవ్వాలి, సరిచూసిన సమాచారంతో చిన్న పుస్తకం ఇవ్వాలి, గుర్తింపు కార్డు, కూర్చునేందుకు గది, మంచినీళ్లు, దారి ఖర్చులు చూడాలి. అనుభవమున్న గైడ్ వెంట కొన్నాళ్లు తిప్పి, తర్వాతే ఒంటరిగా పంపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, జీతమిచ్చి పెట్టుకోవలసిన ఉద్యోగిని తప్పించి ఆ చోట వలంటీరును పెట్టకూడదు. క్యూరేటర్, జీతం తీసుకునే గైడ్ మ్యూజియంకు వెన్నెముక. వలంటీర్ వాళ్ల పనికి చేర్పు మాత్రమే. బదులుగా వలంటీరు ఇవ్వవలసింది సమయపాలన. వస్తానన్న రోజు రావడం, రాలేకపోతే ముందే చెప్పడం, ఒప్పుకున్న విషయానికి కట్టుబడి ఉండటం.

దువ్వాడ చుట్టూ ఇందుకు తగిన చోట్లు చాలానే ఉన్నాయి. బీచ్ రోడ్డులో కురుసుర ఎదురుగా 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన టీయూ-142 విమాన మ్యూజియం ఉంది, దగ్గర్లోనే విశాఖ మ్యూజియం ఉంది. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు, అనకాపల్లి వైపు బొజ్జన్నకొండ. పాత నగరంలో ఇంటాక్ విశాఖ శాఖ నిర్వహించే హెరిటేజ్ వాక్‌లు కొత్తవాళ్లకు మంచి బడి. ఆసక్తి ఉన్నవాళ్లు ముందు సందర్శకులుగా రెండు మూడుసార్లు వెళ్లి, గైడ్లు చెప్పేది విని, తమకు బాగా తెలిసిన ఒక్క అంశాన్ని పావుగంటలో చెప్పేలా సిద్ధం చేసుకుని క్యూరేటర్‌ను కలవడం తేలికైన దారి. ఏటా మే 18న, 1977 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం అలాంటి మొదటి ప్రయత్నానికి అనువైన రోజు. బళ్లకు సెలవులు కాబట్టి మనవలూ మనవరాళ్లూ ఇంట్లోనే ఉంటారు. మొదటి శ్రోతలుగా వాళ్లనే వెంట తీసుకెళ్లవచ్చు.